పునాది నుండి యంత్రం దాక: అయ్యగారి సాంబశివరావు

కొలిమి పెట్టదలచిన కమ్మరి మొట్టమొదట చేసికొనవలసింది నాగటికర్రు కాదు, సుత్తీ, పట్టుకారూ. పనిముట్టును చేసే పనిముట్టు లేనివాడు ఎంత నేర్పరియైనా పొరుగువాని కొలిమికడ కాచుకొని ఉండవలసినదే. ఈ సత్యాన్ని ఎలక్ట్రానిక్ విద్యలో ఆచరించి చూపిన ఆంధ్రుడు అయ్యగారి సాంబశివరావుగారు.

నేటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914 సెప్టెంబరు 20న ఆయన జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం అభ్యసించి, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టం పొందారు. స్వదేశానికి మరలి, హోమీ భాభాగారి సరసన బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో చేరారు. విదేశాలనుండి పరికరాలను తెప్పించుకొనడం కన్న వానిని ఇక్కడే నిర్మించుకొనడం మేలని ఆయన నమ్మకం. 1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయ నారంభించింది. దాని ఇంధనం బ్రిటన్‌నుండి వచ్చింది. దానిని అదుపుచేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ మాత్రం రావుగారి బృందం చేతిపని.

1962 నాటి చైనా యుద్ధం దేశానికి ఒక లోటును ఎత్తిచూపింది. రేడారూ రేడియో పరికరాలూ పరాయివారి దయపై ఆధారపడితే రక్షణ నిలువదు. భాభా అధ్యక్షతన ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంఘంలో రావుగారు ఒక సభ్యులు. 1966 జనవరిలో భాభాగారు విమానప్రమాదంలో అస్తమించినా, ఆ ఆశయం ఆగలేదు. 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసింది. దాని తొలి సారథి రావుగారే. సంస్థ యంత్రాలతో ఆగలేదు, విడిభాగాలను సైతం చేయబూనింది. 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు వెలువడింది.

అయితే కంప్యూటరుకు లోహశరీరం ఒక్కటే చాలదు. దానికి తెలిసిన లిపి ఒకట్లూ సున్నలూ మాత్రమే. మనిషి వ్రాసిన సూత్రాలను ఆ అంకెలలోనికి మార్చే కంపైలరు కావలె. చిక్కేమంటే, ఆ కంపైలరును తయారుచేయడానికి మరొక అనువాద సాధనం కావలె. క్రొత్త యంత్రంపై అది ఉండదు. వేరొక యంత్రం ఆసరా దొరకనిచోట, మొదట అంకెలతోనే చేతితో చిన్న సాధనం వ్రాసి, దాని ఊతతో కొంచెం పెద్దదానినీ, దాని ఊతతో మరింత పెద్దదానినీ కట్టుకొంటూ పోవలె. సొంత యంత్రం చేయబూనిన వారికి ఈ శ్రమ తప్పదు. తొందరపడువారు దీనిని ఓర్వలేరు.

ఇట్టి యంత్రాలు విదేశీ యంత్రాలకన్న నెమ్మదియని ఎత్తిపొడిచినవారు లేకపోలేదు. ఆ మాటలో నిజం కొంత ఉన్నది. కాని కొన్న యంత్రం పాడైనపుడు కొన్నవాడు అమ్మినవానికై ఎదురుచూడవలె. కట్టినవాడు తానే విప్పి చూచును. 1978లో ఐ.బి.ఎం. సంస్థ భారతదేశంనుండి వైదొలగినపుడు ఈ భేదం విలువ పలువురికి తెలిసివచ్చింది.

1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 2003 అక్టోబరులో రావుగారు కన్నుమూశారు. హైదరాబాదులో ఎ.ఎస్. రావు నగర్ బస్సెక్కే విద్యార్థులలో ఎందరికి ఆ పేరు వెనుకనున్న మనిషి తెలుసునో! ఆ విద్యార్థులు నేడు సిద్ధంగా దొరికే కంపైలరుతోనే పాఠం మొదలుపెడుతున్నారు. ఒక్కసారి దానిని మూలంనుండి తామే కట్టుకొన యత్నిస్తే, ఆయన ఎంచుకొన్న దారి ఎంత కఠినమో, ఎంత అవసరమో వారికే బోధపడగలదు.