మరల మరల లేచిన విశ్వాసి: హెన్రీ మార్టిన్

క్రీస్తునందు విశ్వాసముంచిన దినముననే మన బలహీనతలన్నియు తొలగిపోవునని అనేకులు తలంతురు. అట్లు తొలగిపోనప్పుడు తమ విశ్వాసమే నిజమైనది కాదేమోయని కలత చెందుదురు. జయించితిమనుకొన్న కోపము మరల వచ్చును. అణచితిమనుకొన్న ఆశ మరల తల యెత్తును. విడిచిపోయెననుకొన్న నిరాశ మరల హృదయమును ఆవరించును. ఇట్టి కలతలో నున్నవారు హెన్రీ మార్టిన్ జీవితమును తెలిసికొనుట మేలు. ఉర్దూ, పారశీక భాషలలో నూతన నిబంధనను అందించిన పండితునిగా ఆయన మనకు సుపరిచితుడు. అయితే ఆ గ్రంథముల వెనుక, ఒకే పోరాటమును జీవితాంతము పోరాడిన సామాన్య విశ్వాసి యొకడున్నాడు.

మార్టిన్ 1781వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన ఇంగ్లండు దేశపు నైరృతి మూలనున్న కార్న్‌వాల్ ప్రాంతమున, ట్రూరో పట్టణములో జన్మించెను. ఆయన దేహము దుర్బలము, స్వభావమున ముక్కోపి. 1797లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన సెయింట్ జాన్స్ కళాశాలలో చేరెను. అక్కడ ఒకనాడు భోజన సమయమున కోపావేశముతో స్నేహితునిపైకి కత్తి విసరెను. అది గురి తప్పి గోడకు గ్రుచ్చుకొనెను. గురి తప్పకపోయినయెడల ఆయన చరిత్ర మరియొక విధముగా ముగిసియుండును.

1800వ సంవత్సరారంభమున తండ్రి మరణించెను. ఆ దుఃఖములో, భక్తురాలైన చెల్లెలి హితవును, ఒక మిత్రుని ప్రోత్సాహమును తోడుకాగా మార్టిన్ బైబిలు తెరచెను. మొదట అపొస్తలుల కార్యములను కథవలె చదువ నారంభించి, క్రమముగా దాని వెనుకనున్న ప్రభువును వెదకసాగెను. మరుసటి సంవత్సరము, ఇరువది యేండ్లు నిండకమునుపే, విశ్వవిద్యాలయపు గణితశాస్త్ర పరీక్షలో ప్రథముడుగా నిలిచెను. ఎంతో కాలముగా కోరుకొన్న కీర్తి చేతికి చిక్కెను గాని, ఆ కీర్తిలో తృప్తి కనబడలేదు. అప్పటి బోధకుడైన చార్లెస్ సిమియన్ సహవాసమును, బెంగాలులో విలియం కేరీ చేయుచున్న సేవను గూర్చిన వార్తయు, అమెరికాలో ఆదివాసులకు సువార్త ప్రకటించిన డేవిడ్ బ్రెయినర్డ్ జీవితచరిత్రయు ఆయనను మిషనరీ సేవకు సిద్ధపరచెను. 1803లో ఆయన డీకనుగా అభిషేకము పొంది సిమియనుకు సహాయకుడాయెను.

ఇంతటితో పోరాటము ముగిసినదా? లేదు. 1804లో కుటుంబపు ఆస్తి యంతయు నష్టమాయెను. చెల్లెలి పోషణ భారము కూడ తనపై పడుటచేత, ఆయన ఈస్టిండియా కంపెనీలో చాప్లెన్ ఉద్యోగము స్వీకరించి భారతదేశమునకు రావలసి వచ్చెను. అంతకంటె కఠినమైన పరీక్ష మరియొకటి యుండెను. స్వదేశమున లిడియా గ్రెన్‌ఫెల్ అను భక్తురాలిని ఆయన గాఢముగా ప్రేమించెను. ఆమెను విడిచి 1805లో ఓడ యెక్కెను. ఆ ప్రేమను దేవునికి అప్పగించితినని ఆయన అనేక పర్యాయములు తలంచెను. అది అనేక పర్యాయములు తిరిగి వచ్చెను. 1806లో కలకత్తా చేరిన పిమ్మట వివాహమాడుమని కోరుచు ఆమెకు లేఖ వ్రాసెను. ఓడలపై ఉత్తరములు నెలల తరబడి ప్రయాణము చేయు దినములవి. మరుసటి సంవత్సరము ప్రత్యుత్తరము వచ్చెను, ఆమె అంగీకరింపలేదు. మార్టిన్ అవివాహితుడుగనే ఉండిపోయెను. ఆ గాయము మానలేదు. అయినను తన పనిని విడువలేదు.

ఆయన మొదట దానాపూరులోను, 1809 మొదలుకొని కాన్పూరులోను సైనికుల మధ్య సేవచేయుచు, ఉర్దూ, పారశీక, అరబ్బీ భాషలలో అనువాదమునకు పూనుకొనెను. ఇక్కడనే ఆయన పాత శత్రువైన కోపము మరల ఎదురాయెను. ఆ పనిలో తోడ్పడుటకు సబాత్ అను అరబ్బు దేశీయుడు నియమింపబడెను. ఇతడు మన విశాఖపట్నము న్యాయస్థానమున ముఫ్తీగా నుండి, నూతన నిబంధనను చదివి, మద్రాసులో బాప్తిస్మము పొందినవాడు. పాండిత్యమెంతో కోపమును అంతయే. సేవకులతో కలహించును, తోటి పండితులను తృణీకరించును, అలిగి పని మానివేయును. ఒకప్పుడు కత్తి విసరిన మనుష్యునికి దేవుడు ఇట్టి సహచరుని ఇచ్చెను. కేంబ్రిడ్జిలో ఆ కోపము ఒక్క క్షణపు ప్రమాదము. ఇక్కడ ప్రతి ఉదయమును ఎదుర్కొనవలసిన పరీక్ష. మార్టిన్ కొన్ని దినములు ఓపిక వహించెను. కొన్ని దినములు లోలోపల ఉడికిపోయి, దానిని దేవుని యెదుట ఒప్పుకొనెను. మరునాడు తిరిగి సబాత్ ప్రక్కనే కూర్చుండి వాక్యము వెంబడి వాక్యము దిద్దెను. సబాత్ తరువాత క్రైస్తవ విశ్వాసమును విడిచిపోయెను. అంతటి సహనమును వ్యర్థమైనదని కొందరు తలంపవచ్చును. అయితే ఆ సహనమువలన దేవుడు దిద్దినది సబాతును మాత్రమే కాదు, మార్టినును కూడ.

కాన్పూరులో ఆదివారములయందు వందలాది బిచ్చగాండ్రు ఆయన ఇంటి ఆవరణలో చేరెడివారు. క్షయవ్యాధిచే బలహీనపడిన ఊపిరితిత్తులతో ఆయన వారికి బోధించెడివాడు. ఫలమేమియు కనబడలేదు. అయితే వినినవారిలో షేక్ సాలిహ్ అను ముస్లిము యువకుడొకడుండెను. అతడు పిమ్మట మార్టిన్ ఇంట వ్రాతపనిలో కుదిరి, అనువదింపబడిన నూతన నిబంధనను చదివి విశ్వసించెను. 1811లో కలకత్తాలో అబ్దుల్ మసీహ్ అను పేరుతో బాప్తిస్మము పొంది, తరువాత ఆగ్రాలో నమ్మకమైన సేవకుడాయెను. ఆ బాప్తిస్మము నాటికి మార్టిన్ ఈ దేశమును విడిచియుండెను. తన చేతి పంటను ఆయన కన్నులార చూడలేదు.

ఉర్దూ నూతన నిబంధన 1810లో పూర్తియాయెను. పారశీక అనువాదమునందు మాత్రము అరబ్బీ పదములు మితిమీరినవనియు, సామాన్యులకు అది బోధపడదనియు కలకత్తా పండితులు నిర్ణయించిరి. ఏండ్ల తరబడి చేసిన కృషి త్రోసివేయబడుట ఎట్టిదో అనువాదకులెరుగుదురు. పరీక్షలో ప్రథముడుగా నిలిచిన వానికి ఆ తీర్పు మరింత కఠినమైనది. పూర్వపు కీర్తికాంక్షయే ఆయనను నడిపించియున్నయెడల ఆయన అక్కడనే ఆగిపోవలసినది. వైద్యులు విశ్రాంతికై స్వదేశమునకు పొమ్మనినను, ఆయన 1811 జనవరిలో ఓడ యెక్కి పారశీక దేశమునకు బయలుదేరి, షిరాజు నగరమున మీర్జా సయ్యద్ అలీ సహాయముతో ఆ పనిని మరల ఆరంభించెను. 1812 ఫిబ్రవరిలో నూతన నిబంధనను, మార్చిలో కీర్తనలను ముగించెను. జ్వరపీడితుడై తబ్రీజులో చాల దినములు పడియుండి, పిమ్మట గుఱ్ఱముపై కాన్‌స్టాంటినోపిలు మార్గమున సాగుచు, అక్టోబరు 16వ తేదీన తురుష్క దేశములోని టోకాట్ పట్టణమున మరణించెను. ప్రాయము 31 సంవత్సరములు. ఉర్దూ గ్రంథము 1814లో శ్రీరాంపూరునందును, పారశీక గ్రంథము 1815లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గునందును అచ్చుపడెను.

ఆయన దినచర్య గ్రంథమును చదువువారు ఒక జాగ్రత్త వహింపవలెను. అందు ఆయన తన్నుతాను మిక్కిలి కఠినముగా నిందించుకొనెను. వ్యాధివలన కలిగిన అలసటను సోమరితనమనియు, ఒంటరితనపు దుఃఖమును అవిశ్వాసమనియు ఎంచిన సందర్భములు కలవు. వీటిని మనము అనుకరింపనక్కరలేదు. దేవుడు పాపమని చెప్పనిదానిని పాపముగా నెంచి మోయుట భక్తి కాదు. దేహమునకు విశ్రాంతియు, వైద్యమును, స్నేహితుల ఓదార్పును దేవుని వరములే. మనము అనుసరింపవలసినది ఆయన ఆత్మనిందను కాదు, నింద తరువాత కూడ ఆయన ఎవరియొద్దకు తిరిగి వెళ్లెనో ఆ మార్గమును.

ప్రియ చదువరీ, నీ జీవితమున మరల మరల తలయెత్తు బలహీనత ఏదో నీకు తెలియును. అది కోపము కావచ్చును, వ్యసనము కావచ్చును, తీరని ఆశ కావచ్చును. అది మరల వచ్చినంత మాత్రమున నీ విశ్వాసము అబద్ధమని తీర్మానింపకుము. పౌలు తన శరీరములోని ముల్లును తీసివేయుమని ముమ్మారు వేడుకొనెను. ముల్లు పోలేదు గాని కృప వచ్చెను. పట్టుదల యనగా ఎన్నడును పడిపోకుండుట కాదు. పడినప్పుడు దాగుకొనక ప్రభువు నొద్దకు వచ్చి, ఒప్పుకొని, క్షమాపణ పొంది, నిన్న విడిచిన పనిని నేడు చేపట్టుటయే పట్టుదల. మార్టిన్ అట్లే సబాత్ ప్రక్కకు తిరిగి వచ్చెను. త్రోసివేయబడిన అనువాదమును అట్లే మరల చేపట్టెను. ఆయనను విడువని ప్రభువు నిన్నును విడువడు. నేటి పనికి చాలిన కృపను నేడు అడుగుము.