చలికాలపు కష్టం తీర్చిన చార్లెస్ కెట్టరింగ్

పొలం దగ్గర ఆయిల్ ఇంజనుకు హ్యాండిల్ తిప్పినవారికి ఆ కష్టమేమిటో తెలుసు. వందేళ్ళ క్రితం అమెరికాలో పెట్రోలు కార్లనూ అలాగే ముందు నిలబడి తిప్పి స్టార్ట్ చేసేవారు. చలికాలంలో మరీ నరకం. ఇంజనులో ఆయిల్ చిక్కబడిపోయేది. పెట్రోలు సరిగా ఆవిరయ్యేది కాదు. ఒక్కోసారి హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరిగేవి. ఈ బాధను తప్పించిన మహనీయుడే చార్లెస్ కెట్టరింగ్.

ఆయన 1876 ఆగస్టు 29న ఒహాయో రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. చిన్నప్పటినుంచీ చూపు సమస్య. పల్లె బడిలో పాఠాలు చెప్పి, తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరారు. కళ్ళు సహకరించక మధ్యలో చదువు ఆపి టెలిఫోన్ లైన్లు వేసే పనికి వెళ్ళారు. మళ్ళీ తిరిగివచ్చి, తోటి విద్యార్థులు పాఠాలు చదివి వినిపిస్తుంటే నేర్చుకుని 1904లో ఇంజనీరింగ్ పట్టా పొందారు. ఒకే పుస్తకాన్ని నలుగురం పంచుకుని చదివిన మనకు ఆ స్నేహం విలువ ఎవరూ చెప్పక్కరలేదు.

డేటన్ నగరంలో ఉద్యోగం చేస్తూ ఆయన కరెంటుతో నడిచే క్యాష్ రిజిస్టరు తయారుచేశారు. 1909లో ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో కంపెనీ పెట్టారు. డీడ్స్ ఇంటి వెనక కొట్టమే వారి ప్రయోగశాల. కారును తిప్పాలంటే ఇంజనంత పెద్ద మోటారు కావాలని నిపుణులు అనుకునేవారు. క్యాష్ రిజిస్టరు పని ఆయనకు వేరే దారి చూపింది. చిన్న మోటారైనా కొద్ది క్షణాలపాటు పెద్ద బరువు మోయగలదు! అలా పుట్టిన సెల్ఫ్ స్టార్టరు 1912 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చింది. బలం లేనివారు కూడా కారు నడపగలిగారు.

1920 నుంచి 1947 వరకు ఆయన జనరల్ మోటార్స్ పరిశోధనా విభాగాన్ని నడిపారు. అక్కడే ఒక మచ్చ కూడా ఉంది. ఆయన ఆధ్వర్యంలోనే 1921లో పెట్రోలులో సీసం కలిపే పద్ధతి కనుగొన్నారు. 1924లో దాన్ని తయారుచేసే కార్మికులు కొందరు విషమెక్కి మరణించారు. డాక్టర్లు హెచ్చరించినా అమ్మకం ఆగలేదు. మన దేశంలో ఆ పెట్రోలు 2000లో, ప్రపంచమంతటా 2021లో ఆగింది. కెట్టరింగ్ 1958 నవంబరు 25న కన్నుమూశారు.

మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాణ్ణి నేను. అందుకే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ రెండు మాటలు. చూపు తక్కువైనా, డబ్బు తక్కువైనా చదువు ఆపకండి, పక్కవాడు ఆగిపోతే మీరే చదివి వినిపించండి. రేపు మీరు ఏది కనిపెట్టినా, అది ఎవరి చేతులకు సుఖమిస్తుందో, ఎవరి ఊపిరి తీస్తుందో రెండూ అడగండి.