పూటకూళ్ళమ్మ కొడుకు

పిల్లలూ! ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండో ఏట నాన్న గోపాలకృష్ణయ్య గారు పోయారు. ఇల్లు గడవాలి కదా, అమ్మ సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. అంటే డబ్బు తీసుకుని పూటపూటకూ అన్నం వండి పెట్టే ఇల్లు. ఇప్పటి మెస్ లాంటిదనుకోండి. ఆ రోజుల్లో ఆ పని చేసేవారిని లోకం చిన్నచూపు చూసేది.

కష్టం వచ్చిన ఇంట్లోకి విసుగు కూడా వచ్చి కూర్చుంటుంది. పగలంతా ఎండలో పనిచేసి అల్ అమెరాత్‌లో ఇల్లు చేరే మన పెద్దలకి ఈ సంగతి చెప్పనక్కరలేదు. నాన్న ముఖం చూడగానే పిల్లలు టీవీ కట్టేస్తారు! సుబ్బమ్మ గారికీ విసుక్కోవడానికి కారణాలు తక్కువేం కాదు. ప్రకాశం బుద్ధిమంతుడేమీ కాదు మరి. అల్లరి, పైగా నాటకాల పిచ్చి. అయినా పొయ్యి దగ్గరి కష్టాన్ని కొడుకు చదువుకి అడ్డం రానివ్వలేదావిడ. ఒకసారి పరీక్ష ఫీజుకి మూడు రూపాయలు లేకపోయాయి. ఇక బడి మానేయమనడం ఎంత తేలిక! ఆవిడ తన పట్టుబట్ట తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చారు.

తరువాత గురువు హనుమంతరావు నాయుడు గారి అండతో రాజమండ్రిలో చదివి వకీలయ్యారు. మాంసం, మద్యం, పొగ ముట్టనని అమ్మకి మాటిచ్చి ఓడెక్కి, ఇంగ్లండులో బారిస్టరయ్యారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను ఎదిరిస్తూ తుపాకీకి రొమ్ము చూపారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో కన్నుమూశారు. ఆయన తన కథను 'నా జీవితయాత్ర'గా రాసుకున్నారు. పూటకూళ్ళ ఇంటి సంగతి అందులో దాచలేదు.