విలియం రాక్స్‌బర్గు

పూర్వము సీమనుండి మన తీరమునకు వచ్చినవారిలో పెక్కుమంది వర్తకమునకై వచ్చిరి. కొందరు అధికారమునకై వచ్చిరి. అడవులలో ఆకులను, పువ్వులను ఏరి, వాని పేరులను తెలుగువారి నోట విని వ్రాసికొనిన వైద్యుడొకడు గూడ వారితోనే వచ్చెను. ఆయనయే విలియం రాక్స్‌బర్గు.

రాక్స్‌బర్గు 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించెను. ఆ కాలమున మందులు చాలవరకు మొక్కలనుండియే తయారగుచుండెడివి. కావున వైద్యవిద్యార్థులు వృక్షశాస్త్రమునుగూడ నేర్చుచుండిరి. జాన్ హోప్ అను ఆచార్యుని బోధనవలన రాక్స్‌బర్గునకు ఆ శాస్త్రమునందు మక్కువ కలిగెను. 1776లో ఆయన ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్టణమున కొలువు చేరెను. రోగులను చూచుచునే గాలి ఒత్తిడిని, వేడిమిని దినదినము కొలిచి పుస్తకమున వ్రాసికొనుచుండెను. చూచినదానిని చూచినట్లు వ్రాసియుంచుట ఆయన అలవాటు.

1781లో ఆయనను సామర్లకోటకు పంపిరి. ఆ ఊరికి ఒక ప్రక్క సముద్రతీరపు పర్రభూములు, మరియొక ప్రక్క దూరమున కొండలు, నడుమ పచ్చని పొలములు. మొక్కల నన్వేషించువానికి అంతకంటె తగినచోటు దొరకుట యరుదు. అచ్చట ఆయన తోటవేసి మిరియము, చెరకు మున్నగువానిని పెంచిచూచెను. అప్పటికే యోహాన్ కోనిగ్ అను వైద్యుడు ఈ తీరమున మొక్కలను సేకరించుచుండెను. కోనిగ్ సుప్రసిద్ధుడైన లినేయసునకు శిష్యుడు. ఆయన 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను. మిత్రుడు విడిచిపోయిన పనిని రాక్స్‌బర్గు కొనసాగించెను.

ఎండబెట్టిన మొక్కల భాండారమును హెర్బేరియమందురు. దానిని కూర్చుట సులభము కాదు. ఆకు, పువ్వు, కాయ యున్న కొమ్మను కోసి, కాగితముల నడుమ పరచి, బరువు పెట్టి అదుమవలెను. తడి యింకిన కాగితములను తీసి, పొడి కాగితములను మరల మరల మార్చవలెను. ఒక దినము ఏమరినచో బూజు పట్టును, పురుగు తినును. ఎండిన కొమ్మను దళసరి కాగితముపై అంటించి, దాని పేరు, దొరకిన చోటు, కాలము వ్రాయవలెను. ఆ వ్రాత లేనిచో అది వట్టి ఎండుటాకు. ఉన్నచో నూరేండ్ల పిమ్మటనైనను సాక్ష్యము పలుకును.

ఇట్లు ఏండ్ల తరబడి కూర్చిన ఆ భాండారమునకు 1787 మే నెలలో విపత్తు వచ్చెను. పెనుగాలి చెలరేగి, సముద్రము పొంగి, కోరంగి రేవును ముంచివేసెను. వేలకొలది జనులు మృతినొందిరి. రాక్స్‌బర్గు ఎండబెట్టి దాచిన మొక్కలు, పుస్తకములు, వ్రాతప్రతులు నీటిపాలయ్యెను. అప్పటికాయన దాదాపు ముప్పదియారేండ్లవాడు. ఇక చాలునని విడిచిపెట్టినను ఆయనను తప్పుపట్టువారు లేరు. వైద్యునిగా ఆయన జీతము ఆయనకు వచ్చుచునే యుండెడిది. కాని ఆయన మరల అడవి త్రోవ పట్టెను. పోయిన మొక్కను మరల వెదకెను. పోయిన వర్ణనను మరల వ్రాసెను.

ఎండిన కొమ్మలో పువ్వు రంగు నిలువదు. కావున ఆయన ఈ దేశపు చిత్రకారులను నియమించి, మొక్కలను వాని సహజవర్ణములలో వ్రాయించెను. ప్రతి చిత్రమునకు ఒక సంఖ్య నిచ్చెను. ఆ సంఖ్యనుబట్టి దాని వర్ణనను వెదకి తీయవచ్చును. ప్రపంచమునకు ఈ తీరపు మొక్కలను చూపిన ఆ చిత్రకారుల పేరులు మాత్రము ఆ గ్రంథములలో కానరావు.

రాక్స్‌బర్గు లండనుకు పంపిన 500 చిత్రములలో సర్ జోసెఫ్ బ్యాంక్సు 300 ఏర్చెను. అవి కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన గ్రంథముగా 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడెను. అందు మోదుగ మున్నగు మన మొక్కల తెలుగు పేరులు గలవు. చిరివేరుతో బట్టలకు ఎఱ్ఱరంగు వేయు అద్దకపువారి పద్ధతిని ఆయన అందు వివరముగా వ్రాసెను. జ్వరమునకు మందుగా వాడు సోమిద చెట్టును శాస్త్రజ్ఞులకు తెలిపినవాడును ఆయనయే. 1830లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ చెట్టు జాతికి సోమిద అను తెలుగు పేరునే శాస్త్రనామముగా నుంచెను.

కంపెనీవారు మొక్కలలో లాభమును వెదకిరి. అందులకే ఆయనకు జీతమిచ్చిరి. రాక్స్‌బర్గు ఆ పనిని చేసెను. కాని లాభములేని గడ్డిమొక్కను గూర్చియు ఆయన అంతే శ్రద్ధతో వ్రాసెను.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతి యయ్యెను. అప్పుడందు సుమారు 300 రకముల మొక్కలుండెను. ఇరువదియేండ్లలో అవి 3,500 వరకు పెరిగెను. 1813లో ఆరోగ్యము చెడి ఆయన స్వదేశమునకు బయలుదేరెను. త్రోవలో సెయింట్ హెలీనా ద్వీపమున ఆగినప్పుడు, రోగియై యుండియు అచ్చటి మొక్కల పట్టికను తయారు చేసెను. 1815లో ఎడింబరోలో మరణించెను. ఆయన వ్రాసిన భారతదేశపు మొక్కల మహాగ్రంథమును మిత్రుడు విలియం కేరీ 1832లో సమగ్రముగా ప్రకటించెను.

ఆయన ఎండబెట్టిన కొమ్మలు నేటికిని విదేశములందలి హెర్బేరియములలో గలవు. 1787లో నీటిపాలైనవి తిరిగిరాలేదు. కాని ఆ పిమ్మట మరల మొదలుపెట్టిన పని నిలిచియున్నది.