చెరిన్యోలా కూలిబిడ్డ

ఇటలీ దక్షిణాన పూల్యా ప్రాంతం. గోధుమ, ద్రాక్ష, ఆలివ్ పండే నేల. పండించేది కూలీలు, గాదెలు నిండేది దొరలకు. అక్కడి చెరిన్యోలాలో 1892లో ఒక కూలి ఇంట పుట్టాడు జుసెప్పె ది విత్తోరియో. చిన్నప్పుడే తండ్రి పోయాడు. బడి మాన్పించి పొలం పనికి పంపారు.

అక్కడి కూలీలు తెల్లారకముందే ఊరి నడిబొడ్డున నిలబడాలి. మేస్త్రీ వచ్చి కండపుష్టి ఉన్నవాళ్లను, నోరెత్తనివాళ్లను ఏరుకుపోతాడు. మిగిలినవాళ్లకు ఆపూట పస్తే. 1904లో ఆ ఊరి కూలీలు సమ్మె కడితే తుపాకులు పేలాయి, మనుషులు చచ్చారు. అప్పటికి ఇతనికి పన్నెండేళ్లు నిండలేదు. కూలి డబ్బుల్లో మిగిల్చి నిఘంటువు కొనుక్కొని, ఒక్కో మాటా కూడబలుక్కొని చదువు నేర్చాడు. ఇరవై ఏళ్లు రాకముందే సంఘం నాయకుడయ్యాడు. ఎకరానికి ఇంతమందిని పనిలో పెట్టుకుని తీరాలని దొరల మెడలు వంచటం ఆ ప్రాంతపు కూలీల ముఖ్యమైన పోరాటం.

1920 క్రిస్మస్‌కు పవొంచెల్లి దొరగారి ఎస్టేటు అధికారి ఇతని ఇంటికి తినుబండారాల కానుక పంపాడు. ఇంట్లో లేమి. అయినా మర్యాదగా ఉత్తరం రాసి తిప్పి పంపేశాడు. తాను నిజాయితీగా ఉంటే చాలదు, కూలీలకు అనుమానం రాకూడదన్నది అతని లెక్క. ఈ ఒక్క సంగతి చాలు, మనిషి ఎలాంటివాడో తెలియటానికి.

1921లో జైల్లో ఉండగానే ప్రజలు పార్లమెంటుకు గెలిపించారు. 1924లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. ముస్సోలినీ కోర్టు పన్నెండేళ్ల శిక్ష వేసింది, అప్పటికే దేశం దాటాడు. 1936లో స్పెయిన్ వెళ్లి ఫ్రాంకో సేనలతో పోరాడాడు. 1941లో పారిస్‌లో జర్మన్లకు చిక్కాడు, వాళ్లు ఇటలీకి అప్పగిస్తే వెంతొతెనే ద్వీపంలో నిర్బంధం. 1943లో విడుదల.

మరుసటేడు కమ్యూనిస్టు, సోషలిస్టు, క్రైస్తవ కార్మికులంతా ఒకే సంఘంగా ఏర్పడ్డారు. దాన్ని నడిపిన ముఖ్యుల్లో ఇతనొకడు. 1948లో ఆ ఐక్యత చీలటం అతనికి పెద్ద దెబ్బ. 1949లో, మన ఏఐటీయూసీ కూడా ఉన్న ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు.

1956లో హంగరీలోకి సోవియట్ సేనలు వెళ్లినప్పుడు అతని సంఘం దాన్ని ఖండించింది. పార్టీ పెద్దలకు అది మింగుడుపడలేదు. తోటి కామ్రేడ్ల మధ్య ఒంటరివాడైనా కూలీలకు దూరం కాలేదు.

1957 నవంబరు 3న ఉత్తరాన లెక్కో పట్నంలో సంఘం కార్యకర్తలతో సమావేశం ముగించుకున్నాడు. ఆ రోజే గుండె ఆగిపోయింది.