వాయువిహారి శాంటోస్ డ్యూమాంట్

పుష్పకవిమానపు కథ ఎరుగని తెలుగు బాలుడుండడు. మనుష్యుడు ఆకాశమున ఎగురవలెనని కోరుట అంత ప్రాచీనమైనది. కాని బండిని వాకిట కట్టుకొన్నట్లు గగనవాహనమును ఇంటిముందు కట్టుకొని, పని కలిగినపుడు దానినెక్కి పోయివచ్చినవాడు ఆల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్.

ఆతడు 1873 జూలై 20వ తేదీన దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ దేశమున జన్మించెను. తండ్రి ఇంజనీరు, కాఫీతోటల వలన అపారమైన ధనము గడించెను. తోటలో కాఫీ బస్తాలను మోయుటకు రైలుబండ్లుండెడివి. పండ్రెండేండ్ల ప్రాయముననే ఆల్బెర్టో ఆ రైలింజనును నడపెడివాడు. జూల్స్ వెర్న్ రచించిన సాహసకథలన్న ఆతనికి ప్రాణము. కొంతకాలమునకు తండ్రి వాహనప్రమాదమున పడి పక్షవాతమునకు లోనయ్యెను. ఆయన 1892లో కుమారునికి ఆస్తిభాగము పంచియిచ్చి, పారిస్ నగరమున యంత్రశాస్త్రమును, విద్యుచ్ఛాస్త్రమును నేర్చుకొమ్మని పంపి, ఆ యేడే కన్నుమూసెను.

పారిసులో నాడు జనులు వాయువు నింపిన పెద్ద బుడగలనెక్కి విహరించెడివారు. 1898లో ఆల్బెర్టోయు ఎక్కెను. కాని బుడగ గాలి పోయిన దారినే పోవును; మనము కోరిన దారిన పోదు. దానికి యంత్రమమర్చవలెను. ఏ యంత్రము? విద్యుత్తును అప్పటికే కొందరు పరీక్షించిరి. 1883లో టిస్సాండియే సోదరులు విద్యుత్ మోటారుతో వాయునౌకను నడపిరి. 1884లో రెనార్డ్, క్రెబ్స్ అను సైనికోద్యోగులు విద్యుత్తుతోనే 23 నిమిషములలో 8 కిలోమీటర్లు తిరిగి, బయలుదేరిన చోటనే దిగిరి. అది గొప్ప విజయమే. కాని వారి బ్యాటరీల బరువే 400 కిలోలకు మించెను! అందుచేత శాంటోస్ డ్యూమాంట్ మూడుచక్రముల మోటారుబండికి వాడు చిన్న పెట్రోలు ఇంజనును ఎన్నుకొనెను. మండు స్వభావముగల హైడ్రోజను క్రింద నిప్పురవ్వలు చిమ్ము ఇంజను పెట్టుట చావు కొనితెచ్చుకొనుటయేనని మిత్రులు వారించిరి. ఆతడు వినలేదు.

1901 ఆగస్టులో ఆతని అయిదవ వాయునౌక ఒక భవనమునకు తగిలి చినిగిపోయెను. గోడప్రక్క వ్రేలాడుచున్న ఆతనిని అగ్నిమాపకదళమువారు పైకి లాగిరి. వెంటనే ఆరవ నౌకను కట్టించి, అక్టోబరు 19న ఈఫిల్ గోపురమును చుట్టివచ్చి, లక్ష ఫ్రాంకుల బహుమానము గెలిచెను. ఆ ధనమున ఒక్క ఫ్రాంకైనను తన కొరకు ఉంచుకొనక, పారిసు పేదలకును, తన పనివారికిని పంచియిచ్చెను.

1903లో కట్టిన తొమ్మిదవ నౌక చాల చిన్నది. దాని ఇంజను మూడు అశ్వశక్తులది. ఒకనాటి వేకువన ఆతడు దానిపై వీధి మీదుగా వచ్చి, తన ఇంటిముందు దిగి, మేడపైకి పోయి కాఫీ త్రాగి, మరల ఎక్కి వెడలిపోయెను. దానినే ఐదా ద అకోస్టా అను యువతి నడపి, యంత్రముగల వాయునౌకను ఒంటరిగా నడపిన మొదటి స్త్రీయని పేరొందెను.

ఐనను చూచినవారందరు మరచినదొకటి కలదు. ఆ నౌకకు పెద్ద కొట్టము, ఖరీదైన హైడ్రోజను, దించినపుడు పట్టుకొనుటకు మనుష్యులు కావలెను. గాలి వీచిన కదలరాదు. నల్లగొండ, మహబూబునగరము మెట్టసీమలలో ఆషాఢమాసపు ఈదురుగాలికి అది ఒక్క పూట నిలిచెడిది కాదు.

గాలికంటె బరువైన విమానమును రైటు సోదరులు 1903 డిసెంబరులోనే అమెరికాలో ఎగిరించిరి. శాంటోస్ డ్యూమాంట్ 1906 నవంబరు 12న పారిసులో జనులెల్ల చూచుచుండగా 220 మీటర్లు ఎగిరెను. పిమ్మట వెదురుబొంగులతోను, పట్టుగుడ్డతోను తూనీగవంటి బుల్లివిమానము నిర్మించెను. ఫ్రెంచివారు పెట్టిన పేరునకును తూనీగయనియే అర్థము. నడపువాడు రెక్కలక్రింద, నేలకు జానెడెత్తున కూర్చుండవలెను. దానిపై ఆతడు హక్కులేవియు కోరలేదు. ఎవరైనను కట్టుకొనవచ్చునని 1910లో పటములు పత్రికలో ప్రకటింపబడెను. కాని ఆతడు సుమారు 50 కిలోల మనిషి. బరువైనవారికి ఆ తూనీగ అంత సులభముగా లొంగలేదు.

చిక్కంతయు బరువులోనే యున్నది. నేడు ఒక్క మనిషిని మోసికొనిపోవు విద్యుద్వాహనములు తయారగుచున్నవి. పంకాలు నిట్టనిలువుగా లేపును. కాని కిలో పెట్రోలులోని శక్తి కిలో బ్యాటరీలోని శక్తికి సుమారు నలుబది రెట్లు. విద్యుత్ మోటారు శక్తిని పొదుపుగా వాడును. ఐనను ఆ లోటు పూడదు. పెట్రోలు కాలినకొలది బరువు తగ్గును; బ్యాటరీ ఖాళీయైనను తగ్గదు. అట్టి వాహనములు పెక్కు ఇరువది నిమిషములకంటె ఎక్కువ ఎగురలేవు. గంటకు నూరు కిలోమీటర్ల వేగముతో పోయినను, నల్లగొండలో ఎక్కినవాడు హైదరాబాదునకు సగము దారినైనను చేరడు. పొలముగట్టునుండి వాగు దాటుటకో, వరదలో చిక్కినవానికి మందు అందించుటకో అది చాలును. ప్రతి ఇంటి వాకిట నిలుచుటకు చాలదు.

1910లో ఆరోగ్యము చెడి శాంటోస్ డ్యూమాంట్ ఎగురుట మానెను. తాను విహారమునకై కోరిన విమానము మొదటి ప్రపంచయుద్ధమున బాంబులు మోయుట ఆతనిని క్రుంగదీసెను. 1926లో యుద్ధమున విమానముల వాడకమును నిషేధింపుడని నానాజాతిసమితికి విన్నవించెను. ఎవరును చెవినిడలేదు. 1932లో ఆతని స్వదేశముననే అంతర్యుద్ధము రేగి, విమానములు సోదరులపైననే బాంబులు కురిపించెను. ఆ జూలై 23వ తేదీన, సముద్రతీరమందలి గువారుజా పట్టణమున, ఆతడు లోకమును వీడెను. నాల్గేండ్లకు రియో నగరమందలి విమానాశ్రయమునకు ఆతని పేరు పెట్టిరి.