ఆస్కార్ బార్నాక్

ఆస్కార్ బార్నాక్ (నవంబరు 1, 1879 - జనవరి 16, 1936) జర్మనీకి చెందిన యంత్ర నిపుణుడు, ఛాయాచిత్రకారుడు. లైకా కెమెరా రూపశిల్పిగా ప్రసిద్ధుడు. చలనచిత్రాల కోసం తయారైన 35 మి.మీ. ఫిలింతో ఛాయాచిత్రాలు తీసే కెమెరాలు అంతకు మునుపు కొన్ని ఉన్నప్పటికీ, ఆ పద్ధతి లోకమంతటా స్థిరపడినది ఈయన కెమెరా వల్లనే.

తొలి జీవితం

బెర్లిన్‌కు దక్షిణాన బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోని లినో గ్రామంలో జన్మించాడు. ఖగోళ పరికరాలు చేసే కార్ఖానాలో పని నేర్చుకొని, 1902లో యేనా పట్టణంలోని కార్ల్ జైస్ సంస్థలో చేరాడు. సెలవు దినాల్లో అడవుల్లో నడుస్తూ ఛాయాచిత్రాలు తీయడం ఈయనకు ఇష్టం. ఉబ్బసంతో బాధపడే ఈయనకు 13×18 సెం.మీ. పలకల కెమెరా మోయరాని బరువుగా ఉండేది. హైదరాబాదులో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ చిత్రాలు కూడా ఇటువంటి గాజు పలకలపై తీసినవే. అయితే ఆయనకు సామాను మోసే సహాయకులుండేవారు. బార్నాక్ ఒకే పలకపై అనేక చిన్న చిత్రాలు తీసి చూశాడు గాని, వాటిని పెద్దవి చేయగా స్పష్టత చాలలేదు.

లైకా నిర్మాణం

మిత్రుడు ఎమిల్ మెకావు సిఫారసుపై 1911లో వెట్జ్‌లర్‌లోని లైట్జ్ సంస్థలో ప్రయోగశాల అధిపతిగా చేరాడు. అది సూక్ష్మదర్శినులు తయారుచేసే సంస్థ. అక్కడ చలనచిత్ర ఫిలింతో పనిచేస్తూ, 1914 నాటికి జేబులో పట్టే లోహపు కెమెరా ఒకటి నిర్మించాడు. 18×24 మి.మీ. చలనచిత్రపు చట్రాన్ని రెట్టింపు చేసి 24×36 మి.మీ. పరిమాణాన్ని ఎంచుకున్నాడు. ఒక్కొక్క చిత్రానికి ఫిలిం అంచునున్న 8 రంధ్రాల మేర, అనగా 38 మి.మీ., ముందుకు జరగాలి. బార్నాక్ చాచిన రెండు చేతుల పొడవే 36 చిత్రాల ఫిలింకు కొలత అయిందని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఈ కెమెరాలో గొప్పదనం ఫిలిం చుట్టే నాబ్‌లో ఉంది. దానిని తిప్పితే ఫిలిం జరగడమే గాక షట్టర్ కూడా బిగుసుకొని మరుసటి చిత్రానికి సిద్ధమవుతుంది. కాబట్టి ఫిలిం జరపడం మరచి ఒకే చోట రెండు చిత్రాలు తీసే పొరపాటుకు అవకాశం లేదు. లోపమూ లేకపోలేదు. చుట్టేటప్పుడు షట్టర్ చీలిక మూసుకోదు గనుక, అంతసేపూ కటకానికి మూత పెట్టవలసి వచ్చేది. 1923లో పరీక్షార్థం చేసిన సుమారు 25 కెమెరాలలోనూ ఇదే పరిస్థితి.

మొదటి ప్రపంచ యుద్ధం, ఆ తరువాతి ద్రవ్యోల్బణం వల్ల కెమెరా పదేళ్ళు ఉత్పత్తికి నోచుకోలేదు. ఈలోగా బార్నాక్ దానితోనే 1920 నాటి వెట్జ్‌లర్ వరదలను చిత్రించాడు. సూక్ష్మదర్శినుల సంస్థ కెమెరాలపై డబ్బు పెట్టడం సాహసమని సలహాదారులు కొందరు వారించినా, యజమాని రెండవ ఎర్నెస్ట్ లైట్జ్ 1924లో ఉత్పత్తికి నిర్ణయించాడు. మాక్స్ బెరెక్ రూపొందించిన కటకంతో, చుట్టేటప్పుడు తనంతట తానే మూసుకొనే షట్టర్‌తో 1925 లైప్జిగ్ వసంత సంతలో లైకా వెలువడింది. 1932 నాటి లైకా 2లో దూరాన్ని కొలిచే రేంజ్ ఫైండర్‌ను కటకంతో జతపరచారు.

ఫిలిం చుట్టే ఉపకరణాలు

నాబ్ తిప్పాలంటే కెమెరాను కంటి నుండి దించక తప్పేది కాదు. వార్తా ఛాయాచిత్రకారులకు ఇది ఇబ్బంది. అందుకని 1930వ దశకంలో కెమెరా అడుగు పలకకు బదులుగా బిగించే, మీట గల పలకను సంస్థ అమ్మింది. మీటను వేలితో లాగితే చాలు. తరువాత వచ్చిన మూలీ అనే మోటారుకు గడియారం వలె కీ ఇస్తే వరుసగా 12 చిత్రాల వరకు తీయవచ్చు. 1950వ దశకంలో లైకావిట్ వచ్చింది. 1954 నాటి లైకా ఎం3లో మీట కెమెరాలోనే అమరింది.

ఫిలిం నింపడం కూడా తేలిక పని కాదు. మొన కత్తిరించడానికి ఆబ్లాన్ అనే లోహపు అచ్చును, చీకటిలో ఫిలిం చుట్టి పెట్టుకోవడానికి ఫిల్కా అనే ఇత్తడి డబ్బీని వాడేవారు. వెలుతురులోనే నింపగల క్యాసెట్‌ను కొడాక్ 1934లో ప్రవేశపెట్టాక ఈ శ్రమ తగ్గింది.

మరణం, గుర్తింపు

బార్నాక్ 1936లో బాడ్ నౌహైమ్‌లో మరణించాడు. ఆయన పేరిట 1979లో ఛాయాచిత్ర పురస్కారం నెలకొల్పారు. 1923 శ్రేణిలో ఆయన సొంతానికి వాడుకున్న 105వ సంఖ్య కెమెరా 2022 జూన్‌లో జరిగిన వేలంలో 1.44 కోట్ల యూరోలు పలికింది.